అయ్య చెప్పిన గుర్తులు

భయం 118
అక్టోబరు 7, మంగళవారం, ఉదయం 9.00

విస్సంరాజు గారు నిన్న నా పుస్తకం తిరగేసి నవ్వారు. "ఏడాదికి నూట పదిహేడు భయాలా నూకరత్నం గారూ? మిగతావాళ్ళెవరికీ ఇరవై దాటలేదండీ" అన్నారు. ఆయన మా కేంద్రానికి పెద్ద. గోదావరి మనిషి, ఎంత ఎగతాళి చేసినా చివర్న 'అండీ' తగిలిస్తారు కాబట్టి కోపం రాదు. నేను పిరికిదాన్నే. ఈ ఉద్యోగానికి నాకున్న అసలు అర్హత అదేనని నా నమ్మకం.

అంతరిక్షం నుంచి వచ్చే ఓడలకు దారులు గీసేవాళ్ళందరికీ ఈ పుస్తకం ఉంటుంది. పదకొండేళ్ళ కిందట ఒక ఓడ ముక్క సంత మీద పడ్డప్పుడు విచారణ జరిగింది. లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయట. దారి గీసినాయన మనసు మాత్రం రెండు రోజులుగా కీడు శంకిస్తోందట, కానీ శంకను రాసే గడి ఏ కాగితంలోనూ లేదు. అప్పట్నుంచి అంకెలు కంప్యూటర్లో, భయాలు ఈ పుస్తకంలో. ఇంకో నియమం కూడా ఉంది. నేను కోరితే ఓడ దిగేముందు ఇందులో రాసింది కెప్టెన్‌కు చదివి వినిపించాలి. ఆ తర్వాత కెప్టెన్ మాటే చివరిది. ఇప్పటిదాకా మా కేంద్రంలో ఎవరూ కోరలేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది పాలపిట్ట. చంద్రుడి గనుల నుంచి తొమ్మిదిమందితో వస్తున్న ఓడ. దిగేముందు ఏ ఓడైనా తన తోకను వదిలేస్తుంది. ఆ తోక గాలిలో కాలిపోగా మిగిలిన ఇనుప ముక్కలు సముద్రం మీద చాప పరిచినట్టు పొడవుగా పడతాయి. మేం దాన్ని చాపనే అంటాం. చాప కింద మనుషులు ఉండకూడదు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యమే. మామూలుగా దాన్ని పక్షి కూడా పోని నడిసముద్రంలో పరుస్తాం. కానీ పాలపిట్ట నాలుగు ఇంజన్లలో రెండు నిన్న మధ్యాహ్నం పాడైపోయాయి. అంత దూరం పోలేదు, పైన ఆగనూ లేదు. గురువారం ఉదయం మన తీరానికి పాతిక ముప్ఫై కిలోమీటర్లలోనే దిగి తీరాలి.

రెండే దారులు తేలాయి. దక్షిణపు చాప, ఉత్తరపు చాప. ఇంకెలా గీసినా ఊళ్ళ మీంచి పోతోంది. దక్షిణపు దారిలో ఓడ కొంచెం మెల్లగా దిగుతుంది, మనిషి ఒంటి మీద నలుగురి బరువు పడుతుంది. ఉత్తరపు దారి నిటారుగా ఉంటుంది, ఆరుగురి బరువు. ఓడలో ముగ్గురు మూడేళ్ళుగా చంద్రుడి మీదే ఉన్నారు. వాళ్ళ ఎముకలు గుల్లబారి ఉంటాయి. అందుకని దక్షిణపు దారే గీశాను.

సముద్రంలో ప్రతి పడవకూ ఒక బిళ్ళ ఉంటుంది. పడవ ఎక్కడుందో అది మా తెర మీద చుక్కగా చూపిస్తుంది, ఓడ దిగబోతుంటే కూత పెట్టి పడవను తప్పుకోమంటుంది. దక్షిణపు చాప కింద ఒక్క చుక్కా లేదు. అక్టోబరులో, కోనాం చేప వచ్చే రోజుల్లో, ఒక్కటంటే ఒక్క చుక్క లేదు. ఈ పూట నా భయం అదే.

భయం 119
మంగళవారం, మధ్యాహ్నం 3.30

మా ఊరి పడవలు కనిపించాయి. మా ఊరంటే నేను పుట్టిన సొండిపాలెం. పద్నాలుగు చుక్కలూ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గుంపుగా ఉన్నాయి. ఒకటి జరిగితే పద్నాలుగూ జరుగుతున్నాయి, ఒకటి ఆగితే పద్నాలుగూ ఆగుతున్నాయి.

చూడగానే నవ్వొచ్చింది. ఆ వెంటనే, బిళ్ళలు ఇక్కడుంటే పడవలెక్కడ అన్న భయం పట్టుకుంది.

బిళ్ళల చుక్కలు ఎవరి ఫోన్లోనైనా కనిపిస్తాయి. మా వాళ్ళకు నీళ్ళ కింద ఒక రాళ్ళ మెట్ట తెలుసు. పోలమ్మ మెట్ట అంటారు. కోనాం అక్కడ గుంపు కడుతుంది. తాతల నాటి నుంచి ఆ చోటు మా ఊరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. బిళ్ళతో వెళ్తే మర్నాటికి అవతలి రేవు పడవలన్నీ వెనకే ఉంటాయి. అందుకని మెట్టకు పోయే రోజుల్లో మావాళ్ళు బిళ్ళలన్నీ ఊడదీసి, బుట్టలో వేసి, అప్పన్న తాతకు అప్పజెప్తారు. తాత ఆ బుట్టను బిళ్ళ అక్కర్లేని తన చిన్న తెప్పలో పెట్టుకుని ఏటి మొగలో తిరుగుతుంటాడు. ఫోన్లు కూడా ఇళ్ళల్లోనే వదిలేస్తారు. చట్టం ప్రకారం నేరమే. మా ఊళ్ళో మాత్రం దాన్ని తెలివి అంటారు.

బిళ్ళలో ఫోన్లోలాగే మాట్లాడొచ్చు. నియమం ప్రకారం ఒక్కొక్క బిళ్ళకూ పిలుపు పంపాను. మొదటిది మా అన్నయ్య పడవది.

"ఎవరు మాట్లాడేది?"

"మైలపల్లి ఎల్లాజీ" అంది అప్పన్న తాత గొంతు.

రెండోదానికి గొంతు బొంగురు చేసుకుని ఇంకో పేరు చెప్పాడు. మూడోదానికి ముక్కుతో మాట్లాడాడు. తొమ్మిదోదానికి వచ్చేసరికి పాపం దగ్గు అందుకుంది.

"తాతా, నేను రత్నాన్ని. అందరూ ఎక్కడున్నారు?"

"ఈడనే ఉన్నాం గదమ్మా. అందరం ఈడనే వలేసుకున్నాం. నువ్వు బేగి ఫోనెట్టెయ్, సేపలు బెదురుతాయి."

"తాతా, గురువారం ఓడ దిగుతోంది. వాళ్ళకు కబురు పంపాలి. నీకు చోటు తెలుసా?"

తాత ఫోన్ పెట్టేశాడు.

పడవకు ముగ్గురు చొప్పున నలభై రెండు మంది. సోమవారం తెల్లవారుతూనే వెళ్ళి ఉంటారు, గురువారం సాయంత్రానికి గాని రారు. పెట్టెల్లో ఐసు అప్పటిదాకా ఆగుతుంది. పాలపిట్ట ఇంజన్లు పాడైంది వాళ్ళు వెళ్ళాక. కూత పెట్టాల్సిన బిళ్ళలు బుట్టలో ఉన్నాయి. పడవలన్నీ అక్కడే, ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళకు మెట్ట చోటు చెప్పరు. నెత్తిన ఏం పడబోతోందో వాళ్ళకు తెలిసే దారే లేదు.

భయం 120
అక్టోబరు 8, బుధవారం, ఉదయం 8.00

మెట్ట ఎక్కడుందో నాకు తెలుసు.

సముద్రం మీద చోటును ఒడ్డును చూసి గుర్తుపెట్టుకుంటారు. ఒక కొండ ముందు ఇంకేదో వచ్చి నిలబడాలి, అది ఒక గీత. ఇంకో పక్క ఇంకో జత కుదరాలి, అది రెండో గీత. రెండూ కలిసినచోట లంగరు. నేను జీతం తీసుకుని చేసే పనీ అదే. మా అయ్య కంప్యూటర్ లేకుండా చేసేవాడు.

నాకు పదేళ్ళప్పుడు ఒక పొద్దున్న అయ్య నన్ను పడవలో తీసుకెళ్ళాడు. నడుం పట్టుకుని నిలబెట్టి ఇటు చూడమన్నాడు, అటు చూడమన్నాడు. "మర్సిపోకు. రేపు నీ మొగుడడిగినా సెప్పకు" అని నా చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించాడు. అన్నయ్యకు చెప్పాడంటే సరే, మగపిల్లాడు. ఆడపిల్లకు ఎవరు చెప్తారు? మా అయ్య చెప్పాడు. ఆ సంగతి తలుచుకుని ఎన్నేళ్ళు మురిసిపోయానో నాకే తెలుసు.

నన్నిచ్చింది అవతలి రేవుకే. ఆ రేవుకీ మా ఊరికీ ఉప్పూ నిప్పూ. ఇరవై రెండేళ్ళ కాపురంలో మా ఆయన ఎన్నోసార్లు సరదాకి అడిగాడు, ఒకసారి తాగొచ్చి కోపంగా అడిగాడు. చెప్పలేదు. అయ్య పోయి ఆరేళ్ళయింది, ఇప్పటికీ చెప్పలేదు.

ఇవాళ గది తలుపు వేసుకుని పటం మీద ఆ రెండు గీతలూ గీశాను. గుర్తుల పేర్లు ఇక్కడ రాయను, ఒట్టు ఒట్టే. గీతలు కలిసిన చోటు దక్షిణపు చాపకు నట్టనడుమ పడింది. నేను గీసిన చాప.

భయం 121
బుధవారం, సాయంత్రం 4.00

చెప్పేశాను. విస్సంరాజు గారు తెర ముందు కూర్చుని నేను పెట్టిన చుక్కను పెద్దది చేసి చూశారు.

"మీ ఊరి గుట్టు నా తెర మీద పెట్టారు. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారాండీ?"

"ఊరుకోరు సార్. బతికుంటే తిడతారు. తిట్టించుకుంటాను."

ఆయన ఇంక ఎగతాళి చేయలేదు. ఆ చోటు మీదికి విమానం పంపించారు. మబ్బు నీళ్ళను ఆనుకుని ఉంది. రెండుసార్లు తిరిగి ఏమీ కనపడలేదని వెనక్కి వచ్చేసింది. గస్తీ ఓడ ఇరవై గంటల దూరంలో ఉంది. ఇంకే పడవనూ చాప కిందికి పంపడానికి నియమం ఒప్పుకోదు. "కనపడలేదంటే లేరని కాదు కదా సార్" అన్నాను. నా మాట మీద చాపను ఉత్తరానికి జరిపారు.

పాలపిట్ట కెప్టెన్ తబస్సుమ్ గారిది కడప. ఆరుగురి బరువు సంగతి చెప్పాల్సింది నేనే. చెప్పాను.

"కింద ఉండేది గూడా మనుషులే గదా మేడం. పండ్లు బిగబట్టుకుంటాంలే" అన్నారు.

ఆ ముగ్గురి పేర్లూ అడిగి రాసుకున్నాను. వాళ్ళ ఎముకలకు ఏమైనా అయితే ఎవరివల్ల అయిందో నాకు గుర్తుండాలి.

భయం 122
అక్టోబరు 9, గురువారం, ఉదయం 9.20

యాభై నిమిషాలే ఉన్నాయి, గబగబా రాస్తున్నాను.

తొమ్మిదింటికి మా వదిన పైడితల్లికి ఫోన్ చేశాను. ఎలాగూ గుట్టు బయటపడింది, ధైర్యమైనా చెబుదామని.

"వదినా, అన్నయ్య వాళ్ళు మెట్ట దగ్గరున్నారని నాకు తెలుసు. పదకొండింటికి అటు ఓడ తోక పడాల్సింది. నువ్వేం కంగారు పడకు, నేను జరిపించేశాను."

అవతల బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది.

"ఎటేపు జరిపించినావు?"

"ఉత్తరానికి. పద్దెనిమిది కిలోమీటర్లు."

"మెట్ట ఏడుందనుకున్నావు రత్నం?"

"అయ్య చూపించాడు వదినా. నా చిన్నప్పుడు. గుర్తులు నాకు తెలుసు."

"ఓలమ్మో" అంది వదిన. "అయి నిజం గుర్తులు కావే. ఆడపిల్లకి నిజం గుర్తులు సెప్తారేటే? అత్తోరింటికి పట్టుకుపోదా? ఈ ఊళ్ళో ప్రెతీ ఆడపిల్లకీ ఒకటి మార్సి సెప్తారు. రేపెప్పుడైనా నోరు జారినా మెట్ట దొరకదని. నీకే కాదు, నా కూతురికీ మీ అన్నయ్య అలాగే సెప్పినాడు. ఆ గుంట కూడా తనకొక్కద్దానికే సెప్పినారని మురిసిపోతంది."

"మరి నీకెలా తెలుసు?"

"పెళ్ళయిన మూడోనాడు మీ అమ్మ నన్ను ఒడ్డు మీదకి తీసుకెళ్ళి సూపించినాది. మొగోళ్ళు తిరిగి రాపోతే ఏ దిక్కునెతకాలో పెళ్ళానికి తెలవాల కదా. నానైతే ఈ ఊరొదిలి ఏడకి పోతాను?"

వదిన తనకు తెలిసిన గుర్తులు చెప్పింది. ఒకటి అయ్య చెప్పినదే. రెండోది వేరు. ఫోన్ చెవికి ఆనించుకునే పటం మీద ఆ గీత గీశాను. చుక్క మొదటి గీత వెంట జారుకుంటూ పోయి ఉత్తరపు చాప మధ్యలో ఆగింది.

"రత్నం, ఏటైనాది? మాటాడవేటే?"

ఎక్కడున్నది అక్కడే ఉంచితే వాళ్ళకు ఏమీ అయ్యేది కాదు. నలభై రెండు మంది మీదికి చాపను లాగింది నేనే, నా చేతులతో నేనే.

ఈ పుటను కెప్టెన్‌కు చదివి వినిపించాలని కోరుతున్నాను. పదీ పదికల్లా ఓడకు చివరి ఆదేశం వెళ్ళాలి.

భయం 123
గురువారం, ఉదయం 10.40

ఇప్పుడు రాయడం తప్ప చేతులకు ఇంకో పని లేదు.

విస్సంరాజు గారు పుస్తకం చదివి నుదురు తుడుచుకున్నారు. "నిన్న మీ నాన్నగారు, ఇవాళ మీ వదినగారు. ఆవిడదే పొరపాటయితే? ఖాళీగా ఉన్న చోటు వదిలి మళ్ళీ వాళ్ళ నెత్తినే పరిచినట్టు కదండీ?" అన్నారు. మూడో దారి లేదు, ఇంకోసారి విమానం పంపే వ్యవధీ లేదు. ఒకరి మాట నమ్మాలి, ఒకరి మాట కాదనుకోవాలి. అంకెలు పనికిరాని చోటికి వచ్చి పడ్డాం.

ఆయనే పుస్తకం పట్టుకుని పాలపిట్టకు చదివి వినిపించారు. వదిన మాటలు ఉన్నవి ఉన్నట్టే చదివారు. ఆవిడ చెప్పిన గుర్తుల దగ్గర నేనేమీ రాయలేదు కాబట్టి అవి చదవలేదు.

"మేడం, మీ నాయన మాట గాదని మీ వదిన మాట ఎందుకు నమ్మాల?" అని అడిగారు కెప్టెన్.

చెప్పాను. "మా అయ్య నాకు మార్చి చెప్పింది నేనెక్కడ బయటపెడతానో అన్న భయంతోనమ్మా. మా అమ్మ వదినకు చెప్పింది, రేపు మొగుడు రాకపోతే వెతుక్కోవాలని. వెతకడానికి పోయేవాళ్ళకు ఎవరూ అబద్ధం చెప్పరు."

నాలుగు వందల కిలోమీటర్ల పైన ఎవరో దగ్గారు.

"దక్షిణానికి తిప్పండి" అన్నారు కెప్టెన్. "నేను చెప్పినానని రాసుకోండి."

పదీ ఎనిమిదికి ఆదేశం వెళ్ళింది. పదిన్నరకు ఇంజన్లు మండాయి. ఇంక ఎవరూ ఏదీ మార్చలేరు. వదినకు ఫోన్ చేసి దక్షిణానికే తిప్పామని చెప్పాను. "అయితే నాను ఒడ్డుకి పోతాను" అని పెట్టేసింది.

ఈ పుస్తకంలో భయాలే రాయాలి, సిగ్గుపడ్డవి రాయమని నియమం లేదు. అయినా రాస్తున్నాను. ఇందాక ఒక్క క్షణం వదిన చెప్పింది తప్పయితే బాగుండుననిపించింది. అయ్య నాకు నిజమే చెప్పి ఉంటే బాగుండుననిపించింది. దానర్థం అన్నయ్యవాళ్ళు చాప కింద ఉండాలనేనని తెలియగానే నా చెంప నేనే వాయించుకున్నాను.

భయం 124
గురువారం, మధ్యాహ్నం 12.00

పాలపిట్ట పదకొండూ ఇరవై రెండుకు నీళ్ళ మీద దిగింది. తొమ్మిదిమందీ బతికారు. నేను పేర్లు రాసుకున్న ముగ్గురిలో ఒకాయనకు మెడ కింద ఎముక విరిగింది, అంతే. మా కేంద్రంలో అందరూ చప్పట్లు కొట్టారు. విస్సంరాజు గారు కొట్టలేదు, నా వైపే చూస్తున్నారు.

చాప అనుకున్న చోటే పరుచుకుంది. అన్నిటికన్నా పెద్ద ముక్క మా అయ్య చెప్పిన చోటికి ఒక కిలోమీటరు ఇవతల పడింది. రెండు గోనె సంచులంత ముక్క. ఆ నీళ్ళల్లో ఇప్పుడు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. మబ్బు అలాగే ఉంది. సాయంత్రం పడవలు రావాలి. అన్నీ రావాలి.

భయం 125
అక్టోబరు 10, శుక్రవారం, ఉదయం 8.30

నిన్న మధ్యాహ్నమే బస్సెక్కి సొండిపాలెం వెళ్ళాను. ఒడ్డు మీద ఆడవాళ్ళందరూ కూర్చుని ఉన్నారు. వదిన పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. అందరూ నీళ్ళవైపే చూస్తున్నారు, పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు ఒక దిక్కుకు, కోడళ్ళు ఇంకో దిక్కుకు.

నాలుగున్నరకు మొదటి పడవ కనిపించింది. నేను వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. ఆరు. తొమ్మిది. పన్నెండు దగ్గర లెక్క చాలాసేపు ఆగింది. పదమూడోది, పద్నాలుగోది కలిసి వచ్చాయి. పద్నాలుగోదాంట్లో మా అన్నయ్య ఉన్నాడు. వదిన లేచి చీర దులుపుకుని, ఏమీ జరగనట్టు బుట్ట తీసుకుని నీళ్ళల్లోకి దిగింది. నేను ఇసకలో కూర్చుని ఏడ్చాను.

"ఏటే, ఎవరు సచ్చిపోనారని?" అన్నాడు అన్నయ్య నవ్వుతూ. "దచ్చినం దిక్కున మబ్బంతా నిప్పులా ఎలిగిపోనాది. సూసినావా? సముద్రం మరిగిపోద్దనుకున్నాం. నీ పనేనా అది?"

"నా పనే. నువ్వు ఎక్కడ లంగరేశావన్నయ్యా?"

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఇంకెక్కడ? అయ్య సెప్పిన కాడే. బోడికొండ ముక్కు మీద గుడి జెండా, ఎర్రకొండ నడుం మీద దీపస్తంబం. నీకూ తెల్సు కదేటి."

వదిన చేతిలో బుట్ట అలాగే ఆగిపోయింది. మా అన్నయ్య చెప్పింది నిజమయితే ఆ సాయంత్రం నాతో మాట్లాడటానికి ఉండేవాడు కాదు.

"తెలుసన్నయ్యా" అన్నాను.

ఆడపడుచు వాటా అని చెప్పి అందరికన్నా ముందు నా చేతిలో ఒక కోనాం పెట్టాడు. ఆ రోజు దొరికినవాటిలో అన్నిటికన్నా పెద్దది. మా అన్నయ్యకు నేనంటే ప్రాణం, అదీ నిజమే. చేపను రెండు చేతులతో పొదివి పట్టుకుని బస్సెక్కాను. దారిపొడుగునా అయ్య మీద కోపం వచ్చింది, ఆయనతో చెప్పడానికి ఆయన లేడు. ఆ రోజు పడవలో నా నడుం చుట్టూ వేసిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యి అబద్ధం కాదనే అనుకుంటున్నాను.

ఇవాళ విస్సంరాజు గారు మెట్ట ఉన్న చోటును పటంలో శాశ్వతంగా గుర్తు పెట్టమన్నారు. నలభై కిలోమీటర్ల గుండ్రం గీసి, లోపల 'ఏటా అక్టోబరులో ఇక్కడ మనుషులు ఉంటారు' అని రాశాను.

"మెట్ట ఇంత పెద్దదాండీ?"

"కాదు సార్. నా భయం పెద్దది."

ఆయన సంతకం పెట్టేశారు.

ఒట్టు తీరిపోయింది కాబట్టి అయ్య చెప్పిన గుర్తులు పైన రాశాను. ఎవరైనా చదువుకోవచ్చు. అక్కడ రాయీ లేదు, చేపా లేదు. వదిన చెప్పినవి మాత్రం రాయను. ఎప్పుడైనా పడవలు రాకపోతే ఎటు వెళ్ళి వెతకాలో ఊళ్ళో కోడళ్ళకు తెలుసు. ఇప్పుడు నాకూ తెలుసు.